తడి వేలికి నిలిచే అక్షరం

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను పెద్దకడుబూరు మండలానికి సమన్వయకర్తగా వేశారు. ఆదోనిలో ఆఫీసు ఉన్న ఒక స్వచ్ఛంద సంస్థలో, పెద్దవాళ్ళకు చదువు నేర్పే విభాగంలో నేను పనిచేసేదాన్ని. అంతకుముందు మా ఊరి కేంద్రానికి నిర్వాహకురాలిని. సమన్వయకర్త దానికి పై మెట్టు. ఆరు కేంద్రాలు చూసుకోవాలి, ప్రతి కేంద్రానికీ వారం వారం పాఠం కాగితాలు అందించాలి. నేనూ పత్తి గింజ తీసే జిన్నింగు మిల్లులో పనిచేస్తూ ముప్పై ఆరో ఏట అక్షరాలు దిద్దినదాన్నే.

పాఠం కాగితానికి కొన్ని నియమాలున్నాయి. ఒకవైపే అచ్చు వేయాలి. అక్షరాలు పెద్దవిగా, వరుసల మధ్య వేలు పట్టేంత ఖాళీతో ఉండాలి. పేజీకి తొమ్మిది వరుసలు మించకూడదు. బొమ్మలు అసలు ఉండకూడదు. బొమ్మ ఉంటే దాన్ని చూసి మాట చెప్పేస్తారు, అక్షరం వైపు చూడరు. ఈ కాగితాలు ఆదోనిలో జిరాక్సు తీసి బస్సులో పంపేవారు. ఒక్కో వారం వచ్చేవి కావు. అందుకని సమన్వయకర్తల ఇళ్ళలో ఒక్కో ప్రింటరు పెట్టుకోవడానికి ఆఫీసు ఒప్పుకుంది. మూడు షాపుల్లో కొటేషన్లు తీసుకోవాలి. వాటిలో తక్కువ ధరది ఎంచి, ప్రాజెక్టు అధికారి మంజూరు చేశాక కొనాలి. అదీ పద్ధతి.

నేను పద్ధతి తప్పలేదు. ఆదోనిలో మూడు షాపులూ తిరిగాను. మూడో షాపులో సిరాతో పనిచేసే రంగుల ప్రింటరు ఉంది. అన్నిటికన్నా చవక. షాపు ఆయన నా కళ్ళ ముందే ఒక చిలక బొమ్మ అచ్చు వేసి చూపించాడు. ముక్కు ఎర్రగా, రెక్కలు పచ్చగా, ఎగిరిపోతుందేమో అన్నట్టు ఉంది. దాన్నే ఎంచాను. నేను వేయాల్సింది నల్ల అక్షరాలు. చూసింది చిలకను.

మా ఊరి కేంద్రంలో ఉరుకుందమ్మ అనే ఆవిడ చదువుకునేది. కూలికి పోయే మనిషి, వయసు నలభై అయిదు దాకా ఉంటుంది. ఆ ఏడు మహిళా సంఘంలో ఆమెను రెండో లీడరుగా ఎన్నుకున్నారు. సంఘం చేసే ప్రతి తీర్మానం మీద ఇద్దరు లీడర్లూ సంతకం పెట్టాలి. ఉరుకుందమ్మకు సంతకం వచ్చు. కానీ చదవకుండా పెట్టనని మొదటి సమావేశంలోనే మొండికేసింది. "యాడ సూపిస్తే ఆడ గీకి పోవల్లంటే నేనెందుకు మే, మా గేదెనైనా నిలబెట్టుకోండి" అన్నది. అందరూ నవ్వారు. నవ్వినా, పనులు ఆగుతాయి కదా అని రెండు నెలలు గడువు పెట్టారు. ఆలోపు చదవడం రాకపోతే ఇంకొకరిని ఎన్నుకుంటామన్నారు.

కొత్త ప్రింటరు వచ్చిన రెండో వారం నుంచి ఉరుకుందమ్మ కేంద్రానికి రావడం మానేసింది. అడిగితే పనులున్నాయని కబురు పంపింది. మూడో వారం కూడా రాకపోయేసరికి పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను.

"నాకు సదువు రాదులేక్కా. ఇంగొకర్ని పెట్టుకోమని సెప్పు" అన్నది.

మొన్నటిదాకా వరుసలకు వరుసలు చదివినదానివి, ఇప్పుడేమైందని అడిగాను. లేచి గూట్లో డబ్బా కింద దాచిన పాఠం కాగితం తీసి ఇచ్చింది. తొమ్మిది వరుసల్లో అయిదు వరుసలు మసి పూసినట్టున్నాయి.

"సర్కారు కాగితం పాడుసేసినాను. నా సేయి మంచిది గాదక్కా. నేను యేలు పెడితే అచ్చరం నిలబడ్డంల్యా."

అది సర్కారు కాగితం కాదని, నా ఇంట్లో వేసిందని చెప్పాను. ఎలా చదివావని అడిగాను. అంట్లు తోమి వచ్చి, చెంగుకు చేయి తుడుచుకుని, ప్రతి అక్షరం కిందా వేలు పెట్టి చదివానంది. వేలు పెట్టి చదవాలని నేర్పింది నేనే.

ఇంటికి వచ్చి కొత్త కాగితం ఒకటి అచ్చు వేసి, వేలు తడిపి రుద్దాను. నల్లటి చార వచ్చింది. పాత జిరాక్సు కాగితం మీద అలాగే రుద్దాను. కాగితం నలిగింది కానీ అక్షరం కదల్లేదు. తప్పు ఎక్కడుందో తెలిసింది. ఎందుకో తెలియలేదు.

మర్నాడు రెండు కాగితాలూ పట్టుకుని ఎమ్మిగనూరు వెళ్ళాను. అక్కడ రఫీ అని ప్రింటర్లు బాగుచేసే ఆయన ఉన్నాడు. కాగితాలు చూడగానే నవ్వాడు.

"ఇది నీళ్ళ సిరామ్మా, తడి తగిల్తే కరుగుతాది. జిరాక్సులో ఉండేది పొడి. దాన్ని యేడితో కాగితానికి అతికిస్తాది. లేజర్ ప్రింటరు కూడా అంతే."

నేను వారానికి ఒకసారే వాడతానని చెప్పాను. అయితే సిరా ప్రింటరు నీకు అసలే పనికిరాదన్నాడు. మన ఎండలకు, వాడకుండా పెడితే సిరా వచ్చే సన్నని రంధ్రాలు ఎండి మూసుకుపోతాయట. పొడి అలా ఎండదు. నలుపు మాత్రమే వేసే లేజర్ ప్రింటరు కొనేటప్పుడు ధర ఎక్కువ. కానీ ఒకసారి పొడి నింపితే సిరా కన్నా ఎన్నో రెట్లు కాగితాలు వస్తాయి. స్కానరు, రంగులు, రెండువైపులా తనంతట తాను వేసే ఏర్పాటు, ఇవేవీ నాకు అక్కర్లేదని ఒక్కొక్కటీ తీసేయించాడు. బాగుచేసి అమ్మే పాతది ఒకటి ఉంటే చూపించాడు. దానికి పొడి డబ్బా ఆదోనిలోనూ దొరుకుతుందా అని అడిగాను. దొరుకుతుందన్నాడు. అయినా ఒక షాపుకు ఫోన్ చేయించి విన్నాను. చిన్న ఇన్వర్టరు మీద మాత్రం పెట్టొద్దని, కాగితం వేడెక్కించేటప్పుడు కరెంటు బాగా లాగుతుందని చెప్పాడు.

"ఈసారి బొమ్మ చూపించమంటావామ్మా?" అన్నాడు చివర్లో. చిలక సంగతి నేనే చెప్పుకున్నాను మరి. వద్దు, మా పాఠం కాగితమే వేయమన్నాను. వేశాడు. వేలు తడిపి ఆయన ముందే రుద్దాను. అక్షరం నిలిచింది.

అసలు ఇబ్బంది ఆఫీసులో. కొన్న నెలలోపే ఇంకోటి అడిగితే సంజాయిషీ రాయాలి. రాశాను. కొటేషన్లలో తక్కువ ధర చూశాను గానీ, ఎవరు ఎలా చదువుతారో చూడలేదు, ఇది నా పొరపాటు అని రాసి, ఉరుకుందమ్మ దగ్గర తెచ్చిన కాగితాన్ని దానికి జతపరిచాను. ప్రాజెక్టు అధికారి ఫోన్ చేసి, ఈ మసి కాగితం ఏమిటని అడిగారు. తడి వేలితో రుద్ది చూడండి సార్ అన్నాను. ఆయన బల్ల మీద ఉన్న ఇంకో కాగితం ఏదో రుద్దినట్టున్నారు, అదీ చెరిగిందన్నారు. మంజూరు వచ్చింది. రంగుల ప్రింటరును ఫోటోలు వేయడానికి ఆదోని ఆఫీసుకే తీసుకున్నారు.

కొత్త ప్రింటరులో వచ్చిన మొదటి కాగితం తీసుకుని ఉరుకుందమ్మ దగ్గరకు వెళ్ళాను. కొళాయి దగ్గర బిందె నింపుతోంది. చేయి తుడుచుకోబోతే వద్దన్నాను, తడి చేత్తోనే రుద్దమన్నాను. భయపడుతూ ఒకసారి, గట్టిగా రెండోసారి, కోపంగా మూడోసారి రుద్దింది.

"ఇది మొండిదక్కా. నా మాదిరే" అన్నది. ఆ సాయంత్రమే కేంద్రానికి వచ్చింది.

గడువుకు అప్పటికి అయిదు వారాలుంది. రోజూ వచ్చింది. గడువు నాటి సమావేశంలో తీర్మానం ఒకటే. సమావేశాలు మంగళవారం నుంచి గురువారానికి మార్చాలని. అంతకుముందు వారమే దాని గురించి మాట్లాడుకున్నారు. పుస్తకం ఆమె ముందు పెట్టారు. చేతిరాత కాబట్టి మెల్లగా చదువుతోంది.

"పెండ్లికొడుకును సూసినట్ల సూస్తాండావే, పెట్టు మే సంతకం" అని ఎవరో అన్నారు.

ఉరుకుందమ్మ తలెత్తలేదు. ఒక మాట దగ్గర ఆగి, రెండుసార్లు కూడబలుక్కుని, "ఏకగ్రీవంగా అంటే అందరూ ఒప్పుకున్నట్ల గదా? లక్ష్మక్క ఒప్పుకోల్యా గదా మొన్న" అన్నది.

లక్ష్మక్క వెనక వరుసలో కూర్చుని ఉంది. తాను ఒప్పుకోలేదని, గురువారం తనకు కుదరదని ఆరోజే చెప్పానని లేచి అన్నది. పుస్తకం రాసే ఆవిడ ఆ మాట కొట్టేసి, ఎక్కువమంది ఒప్పుకున్నారని రాసింది. ఉరుకుందమ్మ దాన్ని కూడా చదివి అప్పుడు సంతకం పెట్టింది. ఇంకొకరిని ఎన్నుకునే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఇంట్లో కాగితాలు వేసుకోవడానికి ఏ ప్రింటరు కొనాలని ఇప్పటికీ కొందరు నన్ను అడుగుతారు. అక్షరాలే ఎక్కువైతే నలుపు లేజరు కొనమని, పాతదైనా ఫరవాలేదని, పొడి దగ్గర్లో దొరికేది చూసుకోమని చెబుతాను. ఉద్యోగానికి సంబంధించి నేను నేర్చుకున్నది ఇంకొకటి. పెద్దయ్యాక చదువు మొదలుపెట్టినవాళ్ళు ఏది చెడినా తప్పు తమదే అనుకుంటారు, అడగకుండా మానేస్తారు. అందుకే ఎవరైనా రావడం ఆపితే ముందు మనమిచ్చిన కాగితాన్ని పరీక్షించాలి, ఆ తర్వాతే మనిషిని.