జపాన్ గేమ్, కాకినాడ అల్లుడు

ఆఫీసులో నా పక్క సీటు మురళి, జపాన్‌లో పనిచేసినప్పుడు కొనుక్కున్న పాత వీడియో గేమ్ కన్సోల్‌ను నాకు ఇచ్చేశాడు. ఈ రోజు శనివారం కదా అని, చందానగర్‌లో ఒక గేమ్ డిస్క్ కొని ఖాజాగూడలోని అత్తగారింటికి పట్టుకెళ్ళాను. టీవీకి తగిలించి డిస్క్ పెడితే, ఇది ఇక్కడ నడవదని తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి.

"ఏమైంది అల్లుడా?" అంటూ అత్తయ్య వంటింట్లోంచి వచ్చింది.

"ఇది జపాన్ కన్సోల్ అండి. అక్కడ అమ్మిన డిస్కులే ఆడుతుంది. మన దగ్గరివి పెడితే ఒప్పుకోదు."

"ఏందీ, దీనికి గూడ లోకల్, నాన్‌లోకల్ ఉన్నదా? నువ్వు కాకినాడోనివి, మా ఇంట్ల మంచిగనే నడుస్తున్నవ్ గద!"

మా ఆవిడ నవ్వు ఆపుకోలేక సోఫాలో పడిపోయింది. పరువు దక్కించుకోవాలని మురళి ఇంటికి వెళ్ళి, అతని జపాన్ వంట గేమ్ తెచ్చాను. తెర మీద ఒక్క ముక్క అర్థం కాలేదు. నేను ఫోన్‌తో అనువాదం చేసుకుంటూ కూర్చుంటే, నాతో పోటీకి రెండో రిమోట్ పట్టుకున్న అత్తయ్య బొమ్మలు చూసి టకటకా తరిగి, వేయించి, వడ్డించేసింది. ఆమె గిన్నె మీద పూలు కురిశాయి. నా గిన్నెలోంచి పొగ వచ్చింది.

జపాన్‌లో ఓడినవాళ్ళను ఓదార్చడానికి పూలు చల్లుతారని చెప్పాను.

అత్తయ్య నన్ను ఎగాదిగా చూసి, "గట్లనా? అయితే రేపు ఆ మురళిని భోజనానికి పిలువు, అడుగుదాం" అంది.

మురళి నోరు మూయించే ఉపాయం ఎవరి దగ్గరైనా ఉంటే పొద్దున్నలోగా చెప్పండి.