చదివింపుల్లో చదివించిన కారు

1968 వేసవిలో నన్ను విజయనగరం ఇన్‌స్పెక్టరుగా వేశారు. అప్పటికి జనరల్ ఇన్సూరెన్సు కంపెనీలు ఇంకా ప్రైవేటువే. మా బ్రాంచి ఆఫీసు విశాఖపట్నంలో. విజయనగరంలో నాకున్నవి ఒక అద్దె గది, ఒక సైకిలు, ప్రపోజల్ ఫారాల కట్ట, కవరు నోట్ల పుస్తకం. ఇన్‌స్పెక్టరంటే పోలీసనుకుని మొదటి వారంలో ఇద్దరు కొట్టువాళ్లు నాకు సోడా ఇప్పించారు. తాగాకే సంగతి చెప్పాను. నిజానికి నా పని ఊళ్లు తిరిగి వ్యాపారం తేవడం, ఫారం నింపించడం, అసలు పాలసీ బ్రాంచి నుంచి వచ్చేదాకా చెల్లే కవరు నోటు రాసివ్వడం. ప్రమాదం జరిగితే చూసి బ్రాంచికి రిపోర్టు రాయడం కూడా నా వంతే. మాది సామర్లకోట. ఇరవై ఆరేళ్లవాణ్ణి. ఫారంలో ఉన్న ప్రశ్నలన్నీ వరసగా అడిగేస్తే మనిషి గురించి తెలుసుకోవలసింది ఇంకేమీ మిగలదని నాకు గట్టి నమ్మకం.

చేరిన నెలలోనే కారుకు ఇన్సూరెన్సు కావాలంటూ గజపతినగరం నుంచి ఒక కార్డు వచ్చింది. రాసినాయన అప్పలస్వామి గారు, బెల్లం వ్యాపారి. ఒక ఎస్టేటు వేలంలో ఎవరూ పాడని, గుడ్డ కప్పు మడిచే పాత హుడ్డు కారును ఆయన పాడుకుని, రెండేళ్లపాటు బెల్లం గోదాములో పెట్టి, విజయనగరం మెకానిక్కుతో కలిసి ఒక్కొక్క మేకూ బాగుచేయించారు. వ్యాపారానికి ఆ కారుతో పనేమీ లేదు. బెల్లం బళ్ల మీద వెళ్లేది. ఆదివారం పూట బొండపల్లి దాకా వెళ్లి రావాలన్నదొక్కటే ఆయన ముచ్చట. నేను వెళ్లేసరికి బోనెట్టును పంచె చెంగుతో తుడుస్తూ కనిపించారు. అప్పటికే అది అద్దంలా ఉంది.

కారు తాళం మాత్రం ఆయన దగ్గర లేదు. ఆయన భార్య నారాయణమ్మ గారి కొంగుకు ముడేసి ఉంది.

ఆవిడకు కారణముంది. ఆవిడ అన్నగారు నౌపడ ఉప్పు కొటార్ల నుంచి లారీ తోలించేవారు. ఆ లారీ ఒకరి ఎద్దుల బండిని గుద్దితే, ఆ నష్టం కింద ఆయన కొబ్బరితోట అమ్ముకోవలసి వచ్చింది. ఇన్సూరెన్సు ఉంది గానీ, ఎద్దులకు వర్తించేది కాదట. ఇంటి మీదికి తెచ్చే కారైతే ఇనప సామాన్ల వాడికి అమ్మేస్తానని ఆవిడ భర్తకు ముందే చెప్పేసింది. ఆయనేమో ఈ లోపల మాట ఇచ్చి కూర్చున్నారు. ఆయన దగ్గర చెరకు ఆడించే సింహాద్రి అనే రైతు కూతురి పెళ్లి తొమ్మిది రోజుల్లో ఉంది. కొత్తవలస నుంచి రైల్లో వచ్చే పెళ్లికొడుకును స్టేషను నుంచి పందిరి దాకా కారులో తీసుకొస్తామని సింహాద్రి మగపెళ్లివారికి కబురు పెట్టేశాడు. కారు కదలకపోతే అతని పరువు పోతుంది. కదిలి ఎవరినైనా గుద్దితే వీళ్ల పొలం పోతుంది.

నేను ఫారం తీసి, "వాహనం దేనికి వాడతారు" అన్న చోట "యజమాని సొంత సరదాకు" అని రాసుకున్నాను. అలాంటి బండికి యాక్ట్ పాలసీ చాలునని సలహా ఇచ్చాను. చట్టం తప్పనిసరి చేసినది అదే. రోడ్డు మీద మనిషికి దెబ్బ తగిలినా, ప్రాణం పోయినా యజమాని ఇచ్చుకోవలసిన పరిహారం కంపెనీ భరిస్తుంది. అంతకు మించి ఏమీ ఉండదు. నారాయణమ్మ గారు తలుపు చాటునుంచి ముందుకు వచ్చి ఎద్దు సంగతేమిటని అడిగింది. ఎద్దు ఆస్తి కిందికి వస్తుంది, దానికి థర్డ్ పార్టీ పాలసీ తీసుకోవాలన్నాను. పందిరి గుంజ? అదీ ఆస్తే. కారులో కూర్చున్నవాళ్లు కిందపడితే? దానికి అదనంగా ఇంకో కాగితం జతచెయ్యాలన్నాను, కానీ ఆదివారం షికారుకు అదంతా ఎందుకని కూడా అన్నాను.

ఆవిడ నా వంక జాలిగా చూసింది. "ఈయనొక్కడే కారెక్కితే సూసీవోలెవరు బాబూ? నలుగురు ఎక్కితేనే గదా ఈయనకి సరదా."

నమ్మలేదు నేను. కారు చూడడం నా విధి కనక అప్పలస్వామి గారితో బజారు చివరిదాకా వెళ్లి వచ్చాను. వెళ్లేటప్పుడు ఇద్దరం. వచ్చేటప్పుడు నా ఒళ్లో ఎవరిదో మేకపిల్ల, ఫుట్‌బోర్డుల మీద నలుగురు, వెనక సీట్లో ఎంతమందో నేను తిరిగి చూసే వీలు లేకపోయింది. చెయ్యెత్తిన ప్రతివాడికీ ఆయన బండి ఆపి, ఎక్కించుకుని, మొహం వెలిగిపోతూ గేరు మార్చేవారు. ఇంటికి రాగానే పాత ఫారం చింపి కొత్తది రాశాను. థర్డ్ పార్టీ పాలసీ, కూర్చున్నవాళ్లకు ఎండార్స్‌మెంటు, డ్రైవరుతో కలిపి అయిదుగురికి మించకూడదన్న షరతు. అయిదుగురి లెక్క తను చూసుకుంటానని ఆవిడ పూచీ పడింది.

చివరగా షరతులు చదివి వినిపించాను. కారును కిరాయికి గానీ, మరే ప్రతిఫలానికి గానీ వాడకూడదు. వాడితే పాలసీ చెల్లదు. నారాయణమ్మ గారు వెంటనే పట్టుకుంది. కారు పంపిన ఇంటికి పెళ్లివారు తాంబూలంలో బట్టలు, నూటపదహార్లు పెట్టి ఇస్తారు, అది ప్రతిఫలమేనా అని. నవ్వేసి, మర్యాదకు ఇచ్చేది ప్రతిఫలమెలా అవుతుందన్నాను. విజయనగరం రైలెక్కాక నా నవ్వు తగ్గింది. నిజంగా ఎలా కాదో నాకే తెలియలేదు. బ్రాంచి మేనేజరుకు ఉత్తరం రాశాను. ఆయన మద్రాసు మనిషి, మహా ఖచ్చితం. పెళ్లినాటి ఉదయం జవాబొచ్చింది: కారు వాడినందుకు డబ్బు చేతిలో పెట్టినా, ఆకులో పెట్టినా ప్రతిఫలమే.

ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని రైలెక్కితే, పక్క పెట్టెలోనే మగపెళ్లివారు. గజపతినగరం స్టేషను బయట కారు బంతిపూలతో, పసుపు బొట్లతో నిలబడి ఉంది. నారాయణమ్మ గారిని పక్కకు పిలిచి ఉత్తరం సంగతి చెప్పాను. ఆవిడ "సరే, సూద్దాం" అని మాత్రం అంది. ఆరోవాడిగా ఎక్కబోయిన పెళ్లికొడుకు మేనమామను చెయ్యిపట్టి దింపింది. ఊరేగింపు బయల్దేరింది.

మేళం హుషారుగా ఉంది. డోలు వాయించే రాములు పెళ్లికొడుకు మొహంలోకి చూస్తూ వెనక్కి వెనక్కి నడుస్తూ వాయిస్తున్నాడు. ఆ వాయింపుకు పరవశించి అప్పలస్వామి గారు స్టీరింగు మీద తాళం వేయబోయారు. క్లచ్చు మీద కాలు జారింది. కారు ఒక్క గెంతు గెంతింది. రాములు పక్కకు దూకాడు, డోలు మాత్రం దూకలేకపోయింది. చర్మం పగిలింది, గుల్ల నిలువునా చీలింది. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. కానీ రాములు ఆ ముక్కల ముందు కూలబడిపోయాడు. ముహూర్తాల రోజులవి. ఆ డోలు లేకపోతే అతనికి కూడు లేదు. అప్పలస్వామి గారి మొహం తెల్లబోయింది. నాకు మాత్రం, ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, లోపల పండగలా ఉంది. డోలు థర్డ్ పార్టీ ఆస్తి. ఆవిడ ఎద్దు కోసం తీసుకున్న పాలసీ డోలుకు పనికొస్తుంది. ఉద్యోగంలో నా మొదటి మోటారు క్లెయిము.

ఉత్త సన్నాయితోనే పందిరి చేరాం. సింహాద్రి అక్కడ ఇత్తడి పళ్లెంతో సిద్ధంగా ఉన్నాడు. పంచెల చాపు, పళ్లు, తమలపాకులు, పైన నూటపదహార్లు. అప్పలస్వామి గారు అలవాటుగా రెండు చేతులూ చాచారు. నారాయణమ్మ గారు మధ్యకు వచ్చి నిలబడింది.

"కారంపి నా పరువు నిలబెట్టినారమ్మా," అన్నాడు సింహాద్రి. "ఇది పుచ్చుకోపోతే మా ఇంటికొచ్చి కాదన్నట్టే గదా." తప్పు అతనిది కాదు. ఆ జిల్లాలో తాంబూలం వద్దనడమంటే మనిషిని వద్దనడమే.

"కాదనను నాయనా," అందావిడ. "ముందు సదివింపులవనీ. ఈ కారు మేం సదివిస్తన్నాం. అది పదిమందీ ఇన్నాక నువ్వు తాంబూలం ఇస్తే సుట్టానికిచ్చినట్టు. ఇప్పుడిస్తే కారుకిచ్చినట్టు."

పళ్లెం బోనెట్టు మీద పెట్టించి, ఎవరూ ముట్టకుండా నన్ను కాపలా పెట్టింది. గోధూళి లగ్నం దాకా నేను ఆ పళ్లెం పక్కనే నిలబడ్డాను. పెళ్లికి వచ్చిన వాళ్లలో సగం మంది నన్ను మగపెళ్లివారి తాలూకు అలిగిన మనిషనుకుని బతిమాలి వెళ్లారు.

మంగళసూత్రం పడ్డాక చదివింపులు మొదలయ్యాయి. స్టీలు గ్లాసులు, బిందెలు, చీరలు ఇచ్చినవారి పేర్లతో ఒక్కొక్కటీ గట్టిగా చదువుతున్నారు, ఒక బడిపంతులు గారు పుస్తకంలో రాస్తున్నారు. వాటి మధ్యలో వినిపించింది: "బెల్లం షావుకారు అప్పలస్వామి, నారాయణమ్మ దంపతులు, స్టేషను నుంచి పందిరి దాకా పెళ్లికొడుక్కి కారు!" పందిరంతా నవ్వులే. పంతులు గారు కలం ఎత్తి, వెల ఎంత వెయ్యమంటారని అడిగారు. నేను పళ్లెం వదిలేసి పరిగెత్తి, వెల వెయ్యొద్దని అరిచాను. ఆయన కాస్త బెదిరి, "వెల లేదు" అని రాశారు. తర్వాత సింహాద్రి తాంబూలం ఇచ్చాడు. నారాయణమ్మ గారు బట్టలు, పళ్లు కళ్లకద్దుకుని తీసుకుని, నూటపదహార్లు పెళ్లికూతురి చేతిలో పెట్టి దీవించింది. అంత సంతోషంగా నేను ఏ పెళ్లిలోనూ భోజనం చెయ్యలేదు.

నేననుకున్నట్టే, ప్రతిఫలం పుచ్చుకోలేదనడానికి ఆధారమేమిటని బ్రాంచి అడిగింది. చదివింపుల పుస్తకంలో ఆ పేజీకి నకలు తీసి, పంతులు గారి చేత సంతకం పెట్టించి పంపాను. మేనేజరు మారు మాట్లాడకుండా క్లెయిము పాసు చేశారు. అందాకా రాములు తన బావమరిది డోలుతో నెట్టుకొచ్చాడు. కొత్తది పనసకర్రతో చేయించుకున్నాడు. వినిపించడానికని నా గదికి తెచ్చి వాయిస్తే, ఇంటాయన నన్ను ఖాళీ చెయ్యమన్నంత పని చేశాడు.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు మోటారు వ్యాపారం చూశాను. మధ్యలో కంపెనీలు ప్రభుత్వానివయ్యాయి, ఫారాలు మారాయి. సరదా బండి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఫారంలో లేని రెండు ప్రశ్నలు అడిగేవాణ్ణి: బండిలో ఎవరెవరు ఎక్కుతారు, దిగేటప్పుడు ఏమిచ్చి దిగుతారు? పాలసీ ఎంచుకోవలసింది ఆ జవాబుల్ని బట్టి. ఆ ప్రశ్నలు కూడా నేను ఫారం మీద సంతకం పెట్టేవాణ్ణి కాదు, ఇంట్లో ఆవిణ్ణి పిలిచి అడిగేవాణ్ణి. సంతకం పెట్టేవాడు తను ఎంత జాగ్రత్తగా నడుపుతాడో చెబుతాడు. అతను ఎవరిని కాదనలేడో ఆవిడే చెప్పగలదు.