తలెత్తి చెప్పండి సార్

నగరిలో మరమగ్గాల వీధిలోకి కొత్తగా వచ్చినవాళ్లు ముందు చెవులు మూసుకుంటారు. పొద్దున ఆరింటికి మొదలయ్యే మోత చీకటి పడేదాకా ఆగదు. ఆ మోతలో పక్కన నిలబడి గొంతు చించుకున్నా మాట వినపడదు. అందుకని అక్కడ పనిచేసేవాళ్లు అరవడం ఎప్పుడో మానేశారు. పెదాలు కదుపుతారు, చేతులూపుతారు, కళ్లెగరేస్తారు, పని నడిచిపోతుంది. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని. బొటనవేలు నోటికి చూపిస్తే టీ వచ్చిందని. చంద్రకాంతమ్మ ముక్కు మీద వేలు పెట్టుకుందంటే ఓనరు మునిరామయ్య గుమ్మంలో ఉన్నాడని. ఇక ఊళ్లో ఏ అత్తకు ఏ కోడలితో మాటల్లేవు లాంటి ముఖ్యమైన సంగతులన్నీ పెదాల మీదే ఒక మగ్గం నుంచి ఇంకో మగ్గానికి చేరతాయి.

మునిరామయ్య షెడ్డులో నాలుగు మగ్గాలు చూసుకునే కృపామణికి తొమ్మిదో ఏట మెదడువాపు జ్వరం వచ్చి రెండు చెవులూ పోయాయి. మాట మాత్రం మిగిలింది. మిగిలిందిగానీ తన గొంతు ఎంత ఎత్తున పోతోందో ఆమెకు తెలియదు. గుసగుసగా చెప్పాననుకున్న మాట వీధి చివరి దాకా పోతుంది. బళ్లో ముందు బెంచీలో కూర్చుని, అయ్యవార్ల నోళ్లు చూసి ఇంటరు దాకా చదివింది. అయ్యవారు బోర్డువైపు తిరిగితే పాఠం అక్కడికి ఆగిపోయేది. అప్పుడు లేచి నిలబడి ఇటు తిరిగి చెప్పండి సార్ అనేది. అడగడానికి సిగ్గుపడితే చదువు రాదని ఆ పిల్లకు చిన్నప్పుడే తెలిసిపోయింది.

షెడ్డులో మాత్రం ఆమె చెవిటిదన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. మగ్గాలు ఆడుతున్నంతసేపూ అక్కడ అందరూ చెవిటివాళ్లే కదా! పైగా అందరికంటే ఎక్కువ సంగతులు తెలిసేది ఆమెకే. ఆ మూల మగ్గం దగ్గర మునిరామయ్య ఫోనులో ఎవరికేం చెబుతున్నాడో ఈ మూల నుంచే చదివేస్తుంది. ఇంట్లో ఆమె మొగుడు సుకుమార్ ఆటో తోలుతాడు, మంచివాడే, కోపం మాత్రం ముక్కు మీదుంటుంది. అతను కేకలు మొదలుపెడితే ఈమె హాయిగా కళ్లు మూసుకుంటుంది. ఇక అతను గోడతో పోట్లాడుకోవాల్సిందే. పదకొండేళ్ల కాపురంలో ఒక్కసారి కూడా గెలవలేకపోయానని అతనే నవ్వుతూ చెప్పుకుంటాడు.

కృపామణికి తగువంతా ఆఫీసులతోనే. ఏ ఆఫీసుకు పోయినా కుర్చీలో ఉన్న మనిషి తల దించుకుని కాగితంతో మాట్లాడతాడు. "తలెత్తి చెప్పండి సార్," అంటుంది ఈమె. ఆయన వినిపించుకోడు. రెండోసారి అంటే విసుక్కుంటాడు. ఆ విసుగు మాత్రం తలెత్తే చూపిస్తాడు. చిత్తూరులో ఒక ఆఫీసులో వినికిడి లేనివాళ్లకు కేటాయించిన గుమాస్తా పోస్టు ఒకటి ఉందని ఎవరో చెబితే, మూడేళ్లలో మూడుసార్లు అర్జీ పెట్టింది. ఆ ఆఫీసు సూపరింటెండెంటు ధనశేఖర్ మూడుసార్లూ తల దించుకునే, అలాంటి పోస్టే లేదన్నాడు. లేనిదానికి ఏం చేస్తాం, మగ్గం ఉంది కదా అని ఈమె బస్సెక్కి వచ్చేసింది.

అలా ఉండగా ఆమెలా వికలాంగుల పింఛను తీసుకునేవాళ్ల సర్టిఫికెట్లన్నీ మళ్లీ పరీక్ష చేస్తున్నారని పిలుపు వచ్చింది. ఆసుపత్రిలో వరస గేటు దాటి రోడ్డు మీదికి పాకింది. చెవులు పరీక్షించే మిషను పొద్దుటి నుంచి మొరాయిస్తోందట. లోపల డాక్టరు మాత్రం కుర్రవాడు, మెత్తనివాడు. ఎంత జనమున్నా విసుక్కోకుండా, తలెత్తి, కృపామణి ముఖంలోకి చూసి పలకరించాడు. పేరేంటమ్మా, ఏ ఊరు, ఏం పని, పిల్లలెంతమంది అని అడిగాడు. తనను ఇలా మనిషిని చూసినట్టు చూసి మాట్లాడిన ఆఫీసరే ఆమె ఎరగదు. ఆ సంతోషంలో అడిగినవాటికీ అడగనివాటికీ టకటకా జవాబులు చెప్పేసింది. తిరుగు బస్సులో సుకుమార్‌తో ఆ డాక్టరును పొగిడిన పొగడ్త డ్రైవరు కూడా విన్నాడు.

ఇరవై రోజులకు నోటీసు వచ్చింది. వినికిడి బాగానే ఉంది, మాట్లాడితే వెంటనే జవాబిస్తోంది, కాబట్టి వైకల్యం అర్హతకు తక్కువ, వచ్చే నెల నుంచి పింఛను ఉండదు అని.

కృపామణి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. వాళ్లమ్మ రెబెకాకు మందులు ఆ పింఛనుతోనే కొంటారు. దానికంటే పెద్ద దెబ్బ ఇంకొకటుంది. ఆ సర్టిఫికెట్టు పోయిందంటే ఇక ఏ పోస్టుకూ ఆ కోటాలో అడిగే దారే ఉండదు. షెడ్డుకు వచ్చి నోటీసు చంద్రకాంతమ్మ చేతిలో పెట్టి ఏడ్చేసింది. చంద్రకాంతమ్మ యాభై దాటిన మనిషి, నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. కాగితం చదివి నెత్తి కొట్టుకుంది.

"ఓసి పిచ్చి మొగమా! చెవుల పరీక్షకు పోయి నోటి పరీక్షలో పాసై వచ్చినావు గదే," అంది.

ఏడుస్తున్నదల్లా కృపామణి ఫక్కున నవ్వింది. సోమవారం ఇద్దరూ పనికి సెలవు చెప్పి, పుత్తూరు మీదుగా పోయే బస్సులో చిత్తూరుకు బయలుదేరారు. సోమవారం అక్కడ అర్జీలు తీసుకునే రోజు.

పెద్ద హాలు. వేదిక మీద కొత్తగా వచ్చిన జాయింటు కలెక్టరమ్మ, ఆమెకు అటూ ఇటూ శాఖలవాళ్లు, ఎదురుగా నాలుగు వందల మంది జనం. ఒక పక్క అద్దాల గది, అందులో ఆఫీసుల సిబ్బంది టీలు తాగుతున్నారు. కృపామణి వంతు వచ్చింది. మేడం అర్జీ చదువుతూ, తల దించుకునే ఏదో అడిగింది.

"తలెత్తి చెప్పండి మేడం," అంది కృపామణి. ఆమె మెల్లగానే అన్నాననుకుంది. హాలంతా ఉలిక్కిపడింది. పక్కనున్న జవాను కళ్లు తేలేశాడు.

మేడం మాత్రం తలెత్తింది, చిన్నగా నవ్వింది కూడా. ఎప్పటినుంచి వినపడదు, ఏం చదువుకున్నావు అని అడిగితే ఈమె చకచకా చెప్పింది. చెబుతూ చెబుతూ చంద్రకాంతమ్మ వైపు చూస్తే ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆపు ఆపు అని సైగ చేస్తోంది. అప్పుడర్థమైంది కృపామణికి, మళ్లీ అదే గోతిలో పడ్డానని. మేడం కూడా అదే అంది. అడిగినవన్నీ చెబుతున్నావు కదమ్మా, వినపడదని నేనెలా నమ్మాలి, ఆసుపత్రివాళ్లతో మాట్లాడతాను, అలా కూర్చో అంది. పెదాలు చూసి చెబుతున్నానని కృపామణి అనేలోపే వెనకున్న ముసలాయన తన అర్జీ ముందుకు చాపాడు.

ఇద్దరూ పోయి చివరి వరసలో కూర్చున్నారు. తాను నేర్చిన విద్యే తన కొంప ముంచిందని కృపామణికి దుఃఖం ముంచుకొచ్చింది. కన్నీళ్లు కనపడకుండా పక్కకు తిరిగింది. పక్కన అద్దాల గది. అందులో, తనవైపే ముఖం పెట్టి, టీ గ్లాసుతో ధనశేఖర్.

ఆయన పక్కనున్న గుమాస్తాకు ఏదో చెబుతున్నాడు. మూడేళ్లలో మొదటిసారి ఆయన నోరు ఆమెకు పూర్తిగా కనపడింది. చదువుతూ చదువుతూ ఆమె కళ్లు పెద్దవయ్యాయి. వెంటనే చంద్రకాంతమ్మ చెవి దగ్గరికి వంగి, చెయ్యి అడ్డం పెట్టుకుని, ఎవరికీ వినపడకూడదని చాలా జాగ్రత్తగా గుసగుసలాడింది.

"అక్కా! చెవిటోళ్ల పోస్టు నాలుగేండ్లుగా కాళీగానే ఉండాదంట. ఏటేటా మనిషి దొరకలేదని రాసి పంపిస్తా ఉండారంట. ఈ మేడం కొత్త గదా, పాత ఫైలు ఎవురు తీస్తారులే అంటుండాడు ధనశేఖర్ సారు. టీలో చక్కెర లేదంట."

ఇంకేముంది! మైకు అక్కర్లేని ఆ గుసగుస నాలుగు వందల మందికీ అందింది. వేదిక మీద మేడం చేతిలో పెన్ను ఆగిపోయింది. అందరి తలలూ ఒక్కసారిగా అద్దాల గదివైపు తిరిగాయి. తలుపు వేసి ఉండటంతో లోపలివాళ్లకు ఏమీ తెలియదు. ధనశేఖర్ తీరిగ్గా గ్లాసులోకి చూసుకుంటూ, వేలితో కలుపుకుంటున్నాడు.

చంద్రకాంతమ్మ కృపామణి గడ్డం పట్టుకుని వేదికవైపు తిప్పింది. మేడం ఆమెనే పిలుస్తోంది. కృపామణికి పై ప్రాణాలు పైనే పోయాయి. ముందుకు పోయింది. అద్దాల వెనక మాట నీకెలా వినపడిందని అడిగింది మేడం.

"వినపడలేదు మేడం. సూసినాను," అంది కృపామణి.

మేడం ఒక్క క్షణం ఆలోచించింది. లేచి, తిన్నగా అద్దాల గదిలోకి పోయి తలుపు వేసుకుంది. ఆమెను చూసి లోపలివాళ్లు గ్లాసులు దాచుకోలేక నానా అవస్థా పడ్డారు. మేడం కృపామణివైపు తిరిగి ఏదో అంది. బయట ఎవరికీ ఒక్క ముక్క వినపడలేదు.

"పొద్దుట్నుంచి ఏమీ తినలేదంట మేడం," అని హాలుకంతా చెప్పింది కృపామణి. తలుపు దగ్గర నిలబడ్డ జవాను పరుగున పోయి లోపల అడిగివచ్చి, నిజమే, అదే మాట అన్నారని చెప్పాడు.

ఈసారి మేడం బయటికి వచ్చి, కృపామణికి మూడడుగుల దూరంలో నిలబడి, వీపు ఇటు పెట్టి గట్టిగా పిలిచింది. కృపామణీ, నీ సర్టిఫికెట్టు నీకిచ్చేస్తాను, తీసుకో అంది. హాలంతా విన్న ఆ మాటకు కృపామణి ఒక్కతే బొమ్మలా నిలబడి ఉంది. జనమంతా ఆమెనే చూస్తున్నారు. ఎందుకు చూస్తున్నారో తెలియక బిక్కమొహం వేసింది.

"అట్లా తిరిగి నిలబడితే నాకేం తెలుస్తుంది మేడం?" అంది చివరికి.

మేడం ఇటు తిరిగింది. ఆమె కళ్లలో నీళ్లున్నాయి. అన్న మాటే మళ్లీ, తలెత్తి, నిదానంగా అంది. చంద్రకాంతమ్మ వేసిన ఈలతో చప్పట్లు మొదలయ్యాయి. చప్పట్లు కృపామణికి వినపడలేదుగానీ, అన్ని చేతులు కలవడం చూసి ఆమెకూ నవ్వొచ్చింది. ఆ మధ్యాహ్నమే పాత ఫైలు వేదిక మీదికి వచ్చింది. ధనశేఖర్‌కు మెమో అందింది. నాలుగేళ్లుగా లేని పోస్టు నెలలోపే నోటీసు బోర్డు మీద కనపడింది.

మళ్లీ పరీక్షకు పిలిచినప్పుడు ఆసుపత్రిలో అదే కుర్ర డాక్టరు. ఈసారి మిషను పనిచేస్తోంది. డాక్టరు ముఖానికి మాస్కు కట్టుకుని వేసిన ప్రశ్నలకు ఈమె ఒక్కదానికీ జవాబు చెప్పలేదు, చెప్పలేకపోయింది. మిషను గీసిన గీతలూ అదే చెప్పాయి. కాగితం మీద సంతకం చేశాక ఆయన మాస్కు కిందికి లాగాడు, ఆమెకు కనపడాలని. క్షమించమ్మా, నేను తొందరపడ్డాను అన్నాడు. మీరు మంచోళ్లు సార్, నాతో మొగం జూసి మాట్లాడినారు అంది కృపామణి, మనస్ఫూర్తిగా.

పోస్టుకు పదిహేడు మంది పోటీకి వచ్చారు. రాతపరీక్షలో ఆమెకే ఎక్కువ మార్కులు వచ్చాయి. నియామకం కాగితం పట్టుకుని షెడ్డుకు వచ్చేసరికి మగ్గాలు జోరుమీద ఉన్నాయి. గుమ్మంలో నిలబడి పెదాలు కదిపింది. చంద్రకాంతమ్మ చదివి పక్క మగ్గానికి చెప్పింది, ఆ మగ్గం ఇంకో మగ్గానికి. ఒక్క మగ్గమూ ఆగలేదు. ఒక్క గొంతూ లేవలేదు. కానీ షెడ్డులో పద్నాలుగు మందీ నవ్వుతున్నారు, నవ్వుతూ కళ్లు తుడుచుకుంటున్నారు. ఏం ముంచుకొచ్చిందోనని మునిరామయ్య పరుగెత్తుకొచ్చి, సంగతి తెలిసి, ఆ పూటకు కరెంటు ఆపేసి అందరికీ మిక్చరు తెప్పించాడు.

ఇప్పుడు కృపామణి ఆ ఆఫీసులోనే, ధనశేఖర్ ఎదుటి బల్ల దగ్గర కూర్చుంటుంది. మొదట్లో ఆయన ఫైలు నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడేవాడు. ఈమె వదిలితేనా! ఫైలు దించండి సార్, తలెత్తి చెప్పండి సార్ అని రోజుకు ఇరవైసార్లు అనేది. అని అని రెండు నెలల్లో ఆయన మెడకు అలవాటు చేసేసింది. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, ఎవరు వచ్చి ఎదురుగా నిలబడినా ఆయన తల దానంతటదే లేస్తోంది.

మొన్న ఒక సోమవారం చిన్నబ్బ అనే ముసలాయన, ఒక కాలు లేనాయన, మనవడి పని మీద అర్జీ తెచ్చాడు. ధనశేఖర్ తలెత్తి విన్నాడు, అడిగినదానికి బదులు చెప్పాడు, కాగితం తీసుకున్నాడు. చిన్నబ్బ కర్ర ఊతంతో బయటికి పోయి, రోడ్డవతల నిలబడ్డ పెళ్లానితో ఏదో అన్నాడు. కిటికీలోంచి చూస్తున్న కృపామణి అది చదివింది. పక్క సీటు అమ్మాయివైపు వంగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, చాలా మెల్లగా చెప్పింది.

"ముప్పై ఏండ్లుగా ఆఫీసులకు తిరగతా ఉండాడంట. ఒక సారు తన మొగం జూసి మాట్లాడడం ఇదే మొదులంట."

ఆఫీసు మొత్తం విన్నది. ధనశేఖర్ కూడా విన్నాడు. లేచి కిటికీ దగ్గరికి వచ్చి, కర్ర పొడుచుకుంటూ బస్టాండువైపు పోతున్న చిన్నబ్బను కనపడినంత దూరం చూస్తూ నిలబడ్డాడు.