మగ్గం మీంచి చూసిన తల

నాన్‌జింగ్ అంటే నాకు ప్రాణం. ఉద్యోగం నన్ను తీసుకెళ్లి హార్బిన్ మంచులో పారేసినా, సెలవు దొరికితే చాలు, ఇక్కడే వాలతాను. ఈసారి ఉప్పుబాతు తిందామని, నేను పెరిగిన పాత వీధి చూద్దామని వచ్చాను. బాతు బాగుంది. మిగతాది చెబుతాను, వినండి.

వీధి చివర జరీ నేతశాల ఉంది. చిన్నప్పుడు దాని ముందునుంచే బడికి వెళ్లేదాన్ని, ఒక్కసారీ తొంగిచూడలేదు. ఈసారి వాన పట్టుకుంటే లోపలికి దూరాను. మగ్గాలు మేడంత ఎత్తున్నాయి. ఒకరు పైన కూర్చుని నమూనా ప్రకారం దారాలు లాగితే, పోగులు లేస్తాయి. కింద కూర్చున్నవాళ్లు ఆ సందులో జరీ నేస్తారు. పైన మనిషి లేకపోతే కింద మనిషి దండగ. ఒక మగ్గం మాత్రం ఖాళీగా ఉంది.

"అది తావ్ వాళ్లది. ఆవిడ ఇక పైకెక్కలేదు" అంది పక్క మగ్గం ఆవిడ.

తావ్ షౌఖాంగ్ బాబాయి మా పక్కింటాయన. గుయ్‌ఛిన్ పిన్ని ఆయన భార్య. పెళ్లైన దగ్గర్నుంచీ ఆమె పైన, ఆయన కింద. "మా ఇంట్లో పెత్తనం ఎవరిదో మగ్గాన్ని అడగండి" అని నవ్వేవాడు.

పిన్నికి మతిమరుపు జబ్బు వచ్చిందట, పక్క మగ్గం ఆవిడే చెప్పింది. ఇంట్లో మొగుణ్ణి చూసి "ఎవరయ్యా నువ్వు? మా ఆయన వస్తే ఊరుకోడు" అనేదట. మగ్గం ఎక్కిందంటే మాత్రం "ముసలోడా, నిద్రపోతున్నావా?" అని పైనుంచి కేకేసేది. బతుకంతా ఆమె చూసింది ఆయన నడినెత్తినే. ఆమె జ్ఞాపకంలో మొహం చెరిగిపోయింది గానీ బట్టతల మిగిలింది. ఆయన్ని గుర్తుపట్టేది ఆ మగ్గం మీదే, అందుకే ఆమె తప్పు దారాలు లాగినా ఆయన నోరెత్తలేదు. ఆ తప్పులనే జరీతో నేశాడు, నేతశాల వాళ్లచేత తిట్లు తిన్నాడు. చివరికి ఆమె మోకాళ్లు మొండికేశాయి.

వాన తగ్గగానే వాళ్లింటికి వెళ్లాను. హార్బిన్ నుంచి తెచ్చిన ఉన్ని టోపీ ఇస్తే, బాబాయి మర్యాదకి వెంటనే పెట్టుకున్నాడు.

మంచం మీంచి పిన్ని నన్ను పిలిచింది. "ఎవరమ్మా ఈ ముసలాయన? పంపించెయ్. మా ఆయన వచ్చే వేళైంది."

బాబాయి టోపీ తీసి నా చేతిలో పెట్టాడు. "ఏమనుకోకు తల్లీ, ఇది నాకు పనికిరాదు." మంచం పక్కన పొట్టి పీట వేసుకుని, తల వంచుకుని కూర్చున్నాడు.

పిన్ని ఆ బట్టతలకేసి చూసింది. "ముసలోడా! వచ్చావా? ఇందాక ఎవడో టోపీవాడు దూరాడు. భయమేసింది."

"తరిమేశాన్లే."

"అన్నం తిన్నావా?"

"నువ్వు తిన్నాక తింటా."

"జుట్టంతా ఏం చేశావు? అమ్ముకున్నావా?" అని ఆయన నడినెత్తి నిమురుతూ నవ్వింది. ఎంత నవ్వో! నాకు ఏడుపు ఆగలేదు.

"బాబాయ్, ఒక్కసారి చూడు. పిన్ని నవ్వుతోంది."

ఆయన తలెత్తలేదు.

"చూడాలనే ఉంది తల్లీ" అన్నాడు నేలకేసి. "తలెత్తితే మళ్లీ ఎవడో పరాయివాణ్ణైపోతాను. నువ్వే చూసి చెప్పు. ఎలా నవ్వుతోంది?"