గడగడా చదివే పిల్ల

నా చిన్నప్పుడు మా వీధిలో గడగడా చదివే పిల్ల ఎవరని అడిగితే అందరూ నన్నే చూపించేవారు. నాకేమో చదవడం రాదు. నాలుగో తరగతి అయిపోవస్తున్నా అక్షరాలను విడివిడిగా గుర్తుపట్టేదాన్ని గానీ, నాలుగు అక్షరాలు కలిపి ఒక మాట చెయ్యమంటే చేతనయ్యేది కాదు. ఒత్తులు వస్తే మరీ తికమక. ఈ సంగతి అప్పట్లో నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఈ వయసులో ఇక దాచుకోవడానికేముంది, అందుకే చెప్పేస్తున్నాను.

మాది రెంటచింతల దగ్గర పల్లెటూరు. బడికి మాస్టారు ఒక్కరే. అన్ని తరగతులూ ఒకే వసారాలో కూర్చునేవి. ఆయన పిల్లల్ని వరసగా నిలబెట్టి పాఠం పైకి చదివించేవారు. నేను ఎలాగోలా జరిగి వరస చివర నిలబడేదాన్ని. ముందున్న నలుగురైదుగురు చదివేసరికి పాఠమంతా చెవుల్లోంచి లోపలికి దిగిపోయేది. దేవుడు నాకు అలాంటి చెవులిచ్చాడు. ఇంట్లో మా అన్నయ్య తన పాఠాలు పైకి చదువుకుంటుంటే అవీ వచ్చేసేవి. నా వంతు రాగానే పుస్తకం ముందు పెట్టుకుని ఎక్కడా ఆగకుండా అప్పజెప్పేదాన్ని. కూడబలుక్కుంటూ నిజంగా చదివే పిల్లలకేమో మొట్టికాయలు, నాకేమో శభాష్. అందులో అన్యాయం ఉందని నాకప్పుడు తట్టనే లేదు. హాయిగానే ఉంది అనుకున్నాను.

మా నాన్నకు సంతకం పెట్టడం వరకే వచ్చు. అందుకేనేమో నా చదువంటే ఆయనకు ఎక్కడలేని గర్వం. ఇంటికి ఎవరొచ్చినా, వచ్చినవాళ్ళు మంచినీళ్ళు తాగేలోపే నన్ను పిలిచి, పుస్తకం తెమ్మని, మంచం పక్కన నిలబెట్టి చదివించేవాడు. వాళ్ళు తల ఊపుతుంటే ఆయన మొహం చూడాలి. ఆ మొహం కోసమైనా నేను నిజం చెప్పలేకపోయాను. రోజులు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైపోయింది.

ఏటా మా చర్చి పండగనాడు పొడుగాటి ప్రార్థన ఒకటి పిల్లల్లో ఒకరి చేత చదివించేవారు. ఆ ఏడు ఉపదేశి గారు, అంటే చర్చిలో ప్రార్థనలు నేర్పించే పెద్దాయన, మా ఇంటికొచ్చి ఈసారి మీ అమ్మాయి చదవాలని చెప్పి వెళ్ళారు. మా నాన్న మాచర్ల వెళ్ళి గుడ్డ తెచ్చి నాకు గౌను కుట్టించాడు. అన్నయ్యను బతిమాలి ఆ ప్రార్థన నాలుగుసార్లు పైకి చదివించుకున్నాను. ఐదోసారి అక్కర్లేకపోయింది.

పండగనాడు ఊరంతా వచ్చింది. నేను పుస్తకం పట్టుకుని, గొంతు వణక్కుండా, ఒక్క మాట తప్పకుండా పూర్తి చేశాను. బయటికి రాగానే ఆడవాళ్ళు బుగ్గలు పుణికారు. మా నాన్న భుజం మీది కండువా తీసి కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. అందరూ వెళ్ళిపోయాక పక్కింటి అవ్వ మెల్లగా నా దగ్గరికొచ్చి, సాయంత్రం ఒకసారి ఇంటికి రమ్మంది. బాగా చదివావని మాత్రం అనలేదు.

ఆ అవ్వ గురించి చెప్పాలి. ఆమె భర్త పోయి చాలా ఏళ్ళయింది. చిన్నప్పుడు గుంటూరులో సిస్టర్ల బళ్ళో ఉండి వచ్చిందని, మా ఊరి ఆడవాళ్ళలో ఆమె కాలంలో చదువుకున్న మనిషి ఆమె ఒక్కతేనని చెప్పుకునేవారు. చర్చిలో ముందు వరసలో కూర్చుని ప్రార్థనల పుస్తకం తెరిచిపెట్టుకునేది. ఎవరైనా ఉత్తరం తెచ్చి చదివిపెట్టమంటే, కళ్ళు ఆనడం లేదు, మాస్టారి దగ్గరికి పొండి అని పంపేసేది.

సాయంత్రం నేను వెళ్ళేసరికి పంచలో గోనెపట్టా పరుచుకుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తోంది. నన్ను ఘాటు తగలని పక్కన కూర్చోబెట్టింది. తల ఎత్తకుండానే అడిగింది.

"పొద్దున పేజీ ఎందుకు తిప్పలేదే?"

నాకు అర్థం కాలేదు.

"ఆ ప్రార్థన ఈ పేజీలో సగం, అవతలి పేజీలో సగం ఉంటది. నువ్వు మొదటి పేజీ చూస్తానే మొత్తం చదివేశావు. ఎట్టా చదివావు?"

అవ్వ చేతులు తుడుచుకుని లోపలికెళ్ళి తన ప్రార్థనల పుస్తకం తెచ్చింది. పొద్దున చదివిన చోటే తెరిచి నా ఒళ్ళో పెట్టింది. ఇప్పుడు కిందినుంచి పైకి చదవమంది. చివరి మాట ముందు, దాని ముందున్న మాట తర్వాత, అలా వెనక్కి. చివరి మాట ఆమెన్. అది చదివాను. ప్రార్థన మొత్తం మొదటి నుంచి మనసులో పరుగెత్తించి, చివరికొచ్చాక ఇంకొక్క మాట పట్టుకున్నాను. అవ్వ వేలు మూడో మాట మీదికి పోయింది. మళ్ళీ మొదటినుంచి పరుగెత్తాను, ఎక్కడున్నానో తప్పిపోయాను. ఏడుపొచ్చింది. మా నాన్నకు చెప్పొద్దని అవ్వ చెయ్యి పట్టుకున్నాను.

"ఏడవమాక. పాము కాళ్ళు పాముకే తెలుసు," అంది అవ్వ. "నాకూ రాదే చదవటం."

నేను నమ్మలేదు. సిస్టర్ల బళ్ళో చదువుకున్నావు కదా అన్నాను. బళ్ళో కాదు, ఆ బడి వంటింట్లో రెండేళ్ళు కూరలు తరిగానంది. పెళ్ళయి వచ్చాక సిస్టర్ల దగ్గర్నుంచి వచ్చిన పిల్ల అన్నారట, అది కొన్నాళ్ళకు చదువుకున్న పిల్ల అయిందట. తను ఎప్పుడూ అబద్ధం చెప్పలేదట, కాకపోతే కాదని కూడా చెప్పలేదట. ప్రార్థనలన్నీ విని విని వచ్చేశాయి. మరి చర్చిలో పేజీ ఎలా తిప్పుతావని అడిగాను.

"పక్కామె తిప్పినప్పుడు తిప్పుతా. నువ్వు ఎదురుగా ఒక్కదానివే నిలబడ్డావు, నీకు పక్కామె లేదు, అందుకే దొరికావు," అంది. ఏడుస్తున్నదాన్నల్లా నవ్వేశాను. తర్వాత ఆమె మొహం మారింది. "ఇట్టా కిందినుంచి చదవమని నన్నెవరన్నా అడిగితే ఆ రోజే దొరికిపోయేదాన్ని. ఎవరూ అడగలా. నా ఖర్మ."

మా నాన్నకు చెప్పనని మాటిచ్చింది. కానీ బడి అయ్యాక రోజూ తన దగ్గరికి రావాలి, ప్రార్థనల పుస్తకం కిందినుంచి పైకి చదవాలి. ఇప్పుడు తలచుకుంటే నాకే వింతగా ఉంటుంది. చదవడం రాని మనిషి చదవడం రాని పిల్లకు నేర్పింది. ఆమెకు పుస్తకమంతా నోటికి వచ్చు కాబట్టి నేను వెనక్కి చదివే ప్రతి మాటనూ కళ్ళు మూసుకుని లోపల సరిచూసుకునేది. తప్పు చదివితే "అట్టాంటి మాట అందులో లేదే" అనేది. ఒక ఒత్తు దగ్గర ఆగిపోతే, ఆ గుర్తే ఉన్న తెలిసిన మాట ఇంకో పేజీలో వెతికించి, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోమనేది. ముందుకు చదివితే నా చెవులు నాకంటే ముందు పరుగెత్తేవి. వెనక్కి చదివేటప్పుడు వాటి ఆటలు సాగలేదు. కళ్ళు పని చెయ్యక తప్పలేదు.

ఒకరోజు విసుగొచ్చి పుస్తకం విసిరికొట్టాను. రోజుకు రెండు వరసలు దాటని రోజులున్నాయి. వరసలో చివర నిలబడి అప్పజెప్పుకోక నాకీ గోల ఎందుకని అవ్వ మొహం మీదే అన్నాను. ఆమె తిట్టలేదు. పుస్తకం తీసి, దుమ్ము దులిపి, మళ్ళీ నా ఒళ్ళో పెట్టింది.

ఎండాకాలం వచ్చింది. మా వైపు ఎండలు తెలిసినవే, మధ్యాహ్నం కుక్క కూడా వీధి దాటదు. వాకిలికి తడిపిన గోనెపట్టా కట్టుకుని లోపల కూర్చునేవాళ్ళం. ఒకరోజు కొట్టు నుంచి బెల్లం కట్టుకొచ్చిన పేపరు ముక్క అవ్వ నా చేతికిచ్చింది. అందులో ఏముందో నాకూ తెలియదు, ఆమెకూ తెలియదు. ఎవరిదో ఎద్దు తప్పిపోయిన కథ. మెల్లగా, ఆగి ఆగి, కూడబలుక్కుంటూ చదివాను. ఎద్దు దొరికే చోట పేపరు చిరిగిపోయింది. తర్వాతేమైందని అవ్వ అడిగింది. నాకేం తెలుసవ్వా, ఇక్కడిదాకే ఉంది అన్నాను. అలా అన్నాక గానీ నాకు తెలియలేదు, నేను నిజంగా చదివానని. ముందు ఏం రాబోతోందో తెలియకుండా చదవడం నా జీవితంలో అదే మొదటిసారి.

అవ్వ లేచి లోపలికి వెళ్ళింది. ఇనప్పెట్టె తెరిచిన చప్పుడైంది. పసుపెక్కి, అంచులు నలిగిన పోస్టుకార్డు ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇది చదువు. ఇది పైనుంచే చదువు," అంది.

చదివే ముందు దాని సంగతి చెప్పింది. పెళ్ళయిన రెండో ఏడు ఆ కార్డు వచ్చింది. అవ్వ పుట్టిల్లు అమరావతి దగ్గర కృష్ణ దాటాక అవతల ఒడ్డున. కార్డు ఇచ్చేటప్పుడు అత్తా, మామా, ఆడపడుచులూ చుట్టూ ఉన్నారు. ఆ ఇంట్లో ఇంకెవరికీ అక్షరం ముక్క రాదు. ఏం రాశారే అని అత్త అడిగింది. అవ్వ కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, అంతా బాగున్నారంట అంది. ఆ కార్డు పట్టుకుని అప్పటి ఉపదేశి ఇంటి గడపదాకా రెండుసార్లు వెళ్ళిందట. లోపలికెళ్తే చదువు రాదని తెల్లారేసరికి ఊరంతా తెలిసిపోతుందని వెనక్కి వచ్చేసిందట. కొద్దిరోజులకు పుట్టింటి వైపు మనిషొకడు వచ్చి, ఆదివారం మీ అమ్మ చనిపోయింది, మట్టి కూడా చేశారు, కార్డు రాస్తే రాలేదేమని అడిగాడు.

"తల్లి చస్తన్నా కదలనిది, రాతిగుండెది అన్నారు మా అత్తోళ్ళు. అంటే అననిచ్చా. చదువు రానిదని మాత్రం అననీలా," అంది అవ్వ. "మా అన్న మళ్ళీ మా గడప తొక్కలా. నాతో మాట్లాడకుండానే పోయినేడు పోయాడు. అందులో ఏం రాశాడో నాకు ఇప్పటికీ తెలవదు. ఎవరినని అడిగేది? ఇన్నేళ్ళ కార్డు ఇంకా చదువుకోలేదా అంటారు."

నేను చదివాను. చెల్లెలికి అన్న వ్రాయునది, ఇక్కడ మేమందరము క్షేమము, నీవు క్షేమమని తలుస్తాను అని మొదలైంది. ఆ రోజుల్లో ఇంట్లో పీనుగ లేచినా ఉత్తరం క్షేమంతోనే మొదలయ్యేది. అవ్వ నన్ను ఆపి నవ్వింది. "చూశావా, మొదటి ముక్క సరిగ్గానే చదివా," అంది. నేను కూడా నవ్వి, ముందుకు సాగాను. అమ్మకు పది రోజులుగా జ్వరం, నీళ్ళు కూడా దిగడం లేదు, నీ పేరే పిలుస్తోంది, బావను అడిగి వెంటనే బయలుదేరు. ఒక్కదానివి పడవ ఎక్కవద్దు. బుధవారం నుంచి అమరావతి రేవులో నీ కోసం చూస్తుంటాను. నువ్వు వచ్చేదాకా అక్కడే ఉంటాను.

అవ్వ నవ్వు పోయింది. ఆ చివరి రెండు మాటలూ మళ్ళీ చదవమంది. చదివాను. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. బుధ, గురు, శుక్ర, శని.

"అమ్మ దగ్గరుండాల్సినోడు రేవులో నిలబడ్డాడా," అంది.

ఆమె ఏడ్చి ఉంటే నేను కూడా ఏడ్చి ఊరుకునేదాన్నేమో. ఏడవలేదు. గోడకు ఆనుకుని, చీకటి పడేవేళ మా అమ్మ కేకేసేదాకా అలాగే కూర్చుంది. నేనూ కూర్చున్నాను. నా చేతిలో ఆ కార్డు. అందులో ఉన్న మాటలు ఎనిమిది వరసలకు మించవు. వాటిని చదవడానికి ఒక మనిషికి నలభై ఏళ్ళకు పైనే పట్టింది.

ఇంటికెళ్ళి మా నాన్నకు చెప్పేశాను. పండగనాడు నేను చదవలేదని, అప్పజెప్పానని, ఇన్నేళ్ళూ అంతేనని. కొడతాడనుకున్నాను. ఇప్పుడు వచ్చా అని మాత్రం అడిగాడు. మెల్లగా వస్తుందన్నాను. సరే, అన్నం తిను అన్నాడు. ఆ తర్వాత ఎవరొచ్చినా నన్ను నిలబెట్టి చదివించలేదు. ఐదో తరగతిలో నేను వరసలో మొదట నిలబడి, తడుముకుంటూ చదివి, మాస్టారి చేత మొదటిసారి మొట్టికాయ తిన్నాను.

పెద్దయ్యాక నర్సునయ్యాను. నరసరావుపేటలో చాలా ఏళ్ళు పనిచేశాను. మందుల చీటీ చేతికిచ్చేటప్పుడు, చదవడం వచ్చా అని ఎవరినీ అడగలేదు. అడిగితే వచ్చనే అంటారు. ప్యాంటు షర్టు వేసుకున్నవాళ్ళకైనా సరే, పొద్దున ఏది, రాత్రి ఏది అని పైకి చదివి చెప్పాకే పంపేదాన్ని. కొందరు విసుక్కున్నారు. విసుక్కోనీ.

ఇప్పుడు రిటైరై ఇంట్లోనే ఉంటున్నాను. సాయంత్రాలు చుట్టుపక్కల పిల్లలు పుస్తకాలు పట్టుకొస్తారు. తెలుగూ, ఇంగ్లీషూ రెండూ గుక్కతిప్పుకోకుండా చదివేస్తారు. వాళ్ళ అమ్మలు ఫోనులో వీడియో తీసుకుని మురిసిపోతారు. తడుముకునే పిల్లను చూస్తే నాకు బెంగ లేదు, ఆ పిల్లకు రాదని అందరికీ తెలుసు, ఎవరో ఒకరు నేర్పుతారు. ఎక్కడా ఆగకుండా చదివే పిల్లను చూస్తేనే అమరావతి రేవులో నాలుగు రోజులు నిలబడ్డ మనిషి నా కళ్ళముందు కనబడతాడు. ఆ పిల్లను దగ్గరికి పిలిచి, నీ వయసులో నాకూ చదవడం రాదమ్మా అని ముందు చెప్పి, అప్పుడు చివరి మాట మీద వేలు పెడతాను.