కుప్ప అడుగున చెయ్యి

నార్వేలో చదువుకోవడానికి పోయిన మొదటి ఏడాది తెలుగు మాటకు మొహం వాచిపోయాను. మా తరగతిలో పద్నాలుగు మందిమి. తెలుగువాళ్ళం ఇద్దరమే. రెండో అతను ఆదోని పిల్లోడు, నాకన్నా ఏడాది చిన్న. వాళ్ళది మార్కెట్ యార్డులో పత్తి కొనే షావుకార్ల ఇల్లు. మాది దేవనకొండ దగ్గర మెట్ట పల్లె. మా నాయన పండించిన పత్తి ఏటా వాళ్ళ అంగడికే పోయేది. ఆ సంగతి అతనికి తెలియదు, నేనూ చెప్పలేదు. చెబితే, "ఏమక్కా, అన్నం తింటివా?" అని పలకరించే ఆ ఒక్క నోరూ మారిపోతుందేమోనని భయం.

జూన్‌లో మమ్మల్ని బస్సెక్కించి, ఒక రోజంతా సముద్రపు ఒడ్డు చేపల పల్లెలు చూపించారు. మధ్యాహ్నంలోపు రెండు చూశాం. రాళ్ళ మీద కట్టిన ఎర్ర కొయ్య ఇళ్ళు, వాటి ముందు పడవలు, ఎటు చూసినా సన్నటి వాన. ఆ వానను చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఎవరూ అడక్కుండానే అక్కడ రోజూ పడుతుంది. మా చేలో విత్తనం వేసి నెల తిరిగినా పడదు. అతను డబ్బాలో చిత్రాన్నం తెచ్చాడు. బస్సులో ఇద్దరం పంచుకుని తిన్నాం. ఆ రోజుకు నాకు అదొక్కటే సుఖం.

మూడో పల్లెలో ఎండుచేపల షెడ్డు చూశాం. కాడ్ అనే పెద్ద చేపల్ని ఉప్పు కూడా వేయకుండా, చలికాలం చివర్లో కొయ్య పందిళ్ళకు వేలాడదీసి గాలికే ఎండబెడతారు. కట్టెల్లా బిగిసిపోయాక దించి షెడ్డుకు చేరుస్తారు. అక్కడ ఒక ముసలాయన బల్ల ముందు నిలబడి, ఒక్కొక్క చేపనూ చేతిలోకి తీసుకుని, వెలుతురుకు పెట్టి చూసి, వాసన చూసి, ఏ రకానికి ఆ రకం వేరు చేస్తున్నాడు. తక్కువ రకంలో వేసే ముందు ఎక్కడ చెడిందో వేలు పెట్టి చూపిస్తున్నాడు. నేను కాళ్ళు కదలక చూస్తూ నిలబడ్డాను. చచ్చిన చేపకు దొరికిన ఆ మర్యాద మా నాయన పత్తికి ఏ ఏడూ దొరకలేదు.

ఎవరైనా వేరు చేసి చూస్తారా అని ముసలాయన అడిగాడు. మావాడు ముందుకు పోయాడు. ఇంట్లో గుడ్డు కూడా ముట్టనివాడు, గ్లౌజులు తొడుక్కుని మరీ పోయాడు. బల్ల మీదున్న చేపల్ని వదిలేసి, పక్కనున్న కుప్ప అడుగుకు మోచేతిదాకా చెయ్యి దూర్చి ఒక చేపను లాగాడు. కుప్ప మొత్తం జారి నేల మీద పడింది. ముసలాయన మొహం ముడుచుకుని, ఎదురుగా ఇన్ని ఉంటే అడుగునుంచి ఎందుకు లాగావని అడిగాడు.

"మా ఊళ్ళో అంతే," అన్నాడు అతను ఇంగ్లీషులో, నవ్వుతూ. "రైతులు పైన మంచి పత్తి పెట్టి, అడుగున తూకం కోసం నీళ్ళు చల్లిన పత్తి పెడతారు. గుప్పెడు పైకి లాగి 'తడి' అంటే చాలు, ధర తగ్గించినా ఇంక నోరెత్తరు. అందరూ దొంగలే."

అందరూ నవ్వారు. నా పక్కనున్న అమ్మాయి, "నీదీ ఆ వైపే కదా, నిజమేనా?" అని అడిగింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఎమ్మిగనూరులో ఇంటర్ చదివేటప్పుడు ఒకసారి నాయన వెంట ఆదోని యార్డుకు పోయాను. వీళ్ళ అంగడి మనిషి ఇలాగే మా కుప్ప అడుగున చెయ్యి దూర్చి, గుప్పెడు పత్తి పైకెత్తి, "నీళ్ళు సల్లినావే!" అన్నాడు, అంతమందిలో. "లేదప్పా, మంచు పడిందేమో," అని నాయన టవలుతో మొహం తుడుచుకున్నాడు. ఇంకొక్క మాట అనలేదు. మా ఊరికి తాగే నీళ్ళ ట్యాంకరే నాలుగు రోజులకొకసారి వచ్చేది. బిందె నీళ్ళ కోసం మా అమ్మ ఊరివాళ్ళతో జుట్లు పట్టుకుని కొట్లాడిన రోజులవి. ఆ నీళ్ళు తెచ్చి పత్తి మీద చల్లుకుంటామా?

ఈ మాట షెడ్డులో అందరి ముందూ అనాల్సింది. అనకుండా, కింద పడిన చేపలు ఏరి సర్దుతూ ఉండిపోయాను. బస్సు కదిలాక అతని పక్కన కూర్చుని చెప్పాను.

"మా నాయన పత్తి మీ అంగడికే వస్తాదప్పా. ఆయన ఎప్పుడూ నీళ్ళు సల్లలేదు."

నాకు కావలసింది ఒక్క మాట. 'మీ నాయన దొంగ కాదక్కా' అంటే చాలు. అతను నిజంగానే నొచ్చుకున్నాడు, అది ఒప్పుకోవాలి. చెయ్యి నెత్తిన పెట్టుకున్నాడు.

"అయ్యో, ముందే సెప్పింటే అయిపోతుండె కదక్కా! ఈసారి పత్తి తెచ్చినప్పుడు మావాళ్ళకు నా పేరు సెప్పమను. నేను ఫోన్ చేసి పెడతా. ఎవురూ తడి అనరు."

తడి ఉందో లేదో పత్తిని చూసి చెప్పరని అతనికి ముందునుంచీ తెలుసన్నమాట. తెలిసే అంతమందిని నవ్వించాడు.

ఇంటికి ఈ సంగతి చెప్పకూడదనుకున్నాను. కానీ ఆ ఏడు వానలు మరీ తక్కువ, చేతికొచ్చిందే కొంచెం. పౌరుషం దిగమింగి చెప్పాను. నవంబరులో నాయన ఫోన్ చేశాడు. ఆయన గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు.

"ఈ తూరి కూసోబెట్టి టీ ఇచ్చినారమ్మా. అడుగున సెయ్యే పెట్టలేదు. ఆ పిల్లోడు బంగారమమ్మా. నేను దండం పెట్టినానని సెప్పు."

అదే చేను, అదే పత్తి. మరునాడు తరగతిలో అతని పక్కన కూర్చుని, మా నాయన నీకు దండం పెట్టాడని చెప్పాను.

"దాందేముందిలే అక్కా," అన్నాడు.