సుభానీ గారి వీపు

మొన్న మైలవరంలో నేను చేసిన ఘనకార్యం మీ దాకా రాలేదా? అయితే నా నోటితోనే చెప్తా, టీ తాగుతూ వినండి. ఒక మంచి నటుణ్ణి తీసుకెళ్లి, మేకప్ వేయించి, హాలు నిండా జనం ముందు నిలబెట్టి, ఆయన మొహం మాత్రం కట్టుకున్న భార్యకే కనపడకుండా చేశాను! మామూలు వాళ్లకి చేతనవుతుందా ఇది? డైరెక్టర్‌ని కాబట్టి నాకు చేతనైంది.

అసలు రోగం హైదరాబాద్‌లో అంటుకుంది. ఆఫీసుకి సెలవు పెట్టి నాటక దర్శకత్వం మీద వర్క్‌షాప్‌కి వెళ్లొచ్చా. స్టేజి మీద మనుషుల్ని వరసగా నిలబెట్టకూడదట, త్రిభుజాల్లో నిలబెట్టాలట. ఎవరు ఎవరికి ఎంత దూరంలో ఉన్నారన్నదే సగం కథ చెప్పేస్తుందట. ఇంక చూస్కోండి! ఇంటికొచ్చాక ఎటు చూసినా త్రిభుజాలే. మా ఆయన కంచం ముందు కూర్చుని, "పప్పు అక్కడ, పచ్చడి ఇక్కడ, మధ్యలో నేను. నన్నేమన్నా జరగమంటావా?" అని ఎగతాళి. నేను పట్టించుకోలేదు. నాటకం అంటే ఏంటో ఆయనకేం తెలుసు!

మైలవరంలో నాటిక పోటీలు. మాది తండ్రీ కూతుళ్ల కథ. ఇల్లు వదిలి వెళ్లిపోయి పెళ్లి చేసుకున్న కూతురు, చాన్నాళ్లకి తిరిగొచ్చి గుమ్మంలో నిలబడుతుంది. ఆ తండ్రి వేషం సుభానీ గారిది. గవర్నర్‌పేటలో టైలర్ షాపు ఆయనది, మా ఆఫీసు పక్క సందులోనే. నాటకాలంటే ప్రాణం. కూతురు వేషం మా ఆఫీసులో చేసే శ్రావణిది. మనిషి మంచి పొడగరి.

తండ్రి పాత్ర ఆ చివరి సీన్లోనే వస్తుంది. నేను దాన్ని ఎలా పెట్టానంటే, లైటు పడేసరికి సుభానీ గారు సోఫా పక్కన జనానికి వీపు పెట్టి, గోడకున్న భార్య ఫొటో వైపు తిరిగి ఉంటారు. కూతురు ఏడుస్తుంది, అరుస్తుంది, బతిమాలుతుంది. ఆయన ఉలకరు, పలకరు. ఆఖర్న ఒక్కసారి ఇటు తిరిగి, "అన్నం తిన్నావా?" అంటారు. అంతే, తెర. ఆ ఒక్క తిరుగుడుకి హాలంతా ఏడవాలని నా ప్లాను. ఆయన నిలబడాల్సిన చోట తెల్ల టేపు అంటించి, "సుభానీ గారూ, ప్రాణం పోయినా ఈ టేపు దాటకూడదు" అని చెప్పా.

రిహార్సల్ అయ్యాక ఓ రోజు ఆయన మెల్లిగా వచ్చి, "మేడమ్, చిన్న మాట. ఈసారి మా ఆవిడ నసీమా కూడా వస్తానంటోందండీ. నేను స్టేజి ఎక్కినప్పుడల్లా మిషన్ తను తొక్కాలి గదండీ, ఇన్నేళ్లలో ఒక్క నాటకమూ చూళ్లేదు. ఈసారి షాపు మూసేసి వస్తుందంట. మధ్యలో ఒక్కసారి మొహం ఇటు తిప్పనా?" అన్నారు.

తిప్పమంటే నా సొమ్మేం పోయేది చెప్పండి! "ముందే తిప్పేస్తే చివర్లో ఏం మిగుల్తుందండీ? ఆ ఒక్క చూపు ఆవిడ జన్మలో మర్చిపోరు, గ్యారంటీ నాది" అన్నా. "మీ ఇష్టం మేడమ్" అన్నారాయన. కొంచెం గట్టిగా అడిగినా బాగుండేది. అడగలేదు. మర్యాదస్తులతో ఇదే చిక్కు.

ఆ రోజు అందరం వ్యాన్‌లో బయల్దేరాం. నసీమా గారు కొత్త చీర కట్టుకుని, మోకాళ్ల నొప్పులు కూడా మర్చిపోయి, కొండపల్లి దాటిందాకా ఒకటే ప్రశ్నలు. "ఎంతసేపుంటారమ్మా ఈయన? జనం చప్పట్లు కొడతారా? నేను ముందు వరసలో కూర్చోవచ్చా?" సుభానీ గారు కిటికీలోంచి బయటికి చూస్తూ తనలో తను నవ్వుకుంటున్నారు.

హాల్లోకి అడుగుపెట్టగానే నా గుండెల్లో రాయి పడింది. అన్ని నాటికలకీ ఒకటే సెట్టు, నిర్వాహకులు వేసిందే. మేం మా డాబా మీద రిహార్సల్ చేసినప్పుడు జనం వైపు నుంచి చూస్తే గుమ్మం కుడి పక్క అనుకున్నాం. ఇక్కడ గుమ్మం ఎడమ పక్క! ముందే ఒకసారి వచ్చి చూసుకోవాలి కదా? వర్క్‌షాప్ చేసినవాళ్లకి అవన్నీ ఎందుకు!

సరే, శ్రావణిని గ్రీన్‌రూంలోకి లాగి, "కుడి నుంచి వచ్చి ఎడమ మైకు దగ్గర ఆగేదానివి కదా, ఇప్పుడు ఎడమ నుంచి వచ్చి కుడి మైకు దగ్గర ఆగు" అని చెప్పా. గుమ్మం పక్కనున్న మైకు దగ్గరే ఆగమంటే గొడవే లేదు. కానీ స్టేజికి అడ్డంగా ఆ నడక లేకపోతే నా త్రిభుజం ఏం కావాలి? అందుకే మనిషిని తిప్పేశా. సోఫా మాత్రం మా రిహార్సల్లో లాగే కుడి పక్కనే ఉంది. దాని పక్కనే టేపు అంటించా. టేపు మీద సుభానీ గారు. అర్థమైందా మీకు? మీకు ఇప్పుడే అర్థమైపోయింది. నాకు తెర లేచాక అర్థమైంది.

శ్రావణి ఎడమ నుంచి వచ్చింది, ఎంత అందంగా నడిచిందో! నడిచి నడిచి సరిగ్గా సుభానీ గారికి అడ్డంగా, ముందున్న మైకు దగ్గర ఆగింది. తలుపేసినట్టు! నేను వింగ్‌లోంచి 'జరుగు, జరుగు' అని చెయ్యి ఊపా. రిహార్సల్‌లో నేను చెయ్యి ఊపితే గొంతు పెంచమని లెక్క. పాపం ఆ పిల్ల గొంతు పెంచింది. నేను ఇంకా ఊపా. అది ఇంకా పెంచింది. "నాన్నా!" అని అది అరిచిన అరుపుకి స్పీకర్లు కీచుమన్నాయి.

ఆఖరి డైలాగ్ వచ్చేసింది. వెనకాల సుభానీ గారు తిరిగారు. తిరిగారని నేననుకుంటున్నా, ఎందుకంటే ఒక మోచెయ్యి కదలడం తప్ప ఎవరికీ ఏమీ కనపడలేదు. ఒక్క అడుగు పక్కకి వేస్తే చాలు. వేయలేదు. టేపు దాటొద్దన్నాను కదా! "అన్నం తిన్నావా?" అని గొంతొక్కటి వచ్చింది. హాలంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ముందు వరసలోంచి నసీమా గారు లేచి నిలబడి,

"అమ్మాయ్! కాస్త పక్కకి జరుగమ్మా, మా ఆయన కనపట్లేదు!"

హాలు హాలంతా గొల్లుమంది. ఏడవాల్సిన చోట పడీపడీ నవ్వారు. ఆ నవ్వుల్లోనే తెర పడింది.

తిరుగు ప్రయాణంలో వ్యాన్‌లో శ్రావణి కళ్లు తుడుచుకుంటోంది, దాని తప్పేం ఉంది పాపం! నేను నసీమా గారి పక్కన కూర్చుని సారీ చెప్పబోతే, ఆవిడే నా చెయ్యి పట్టుకుని, "పర్లేదమ్మా, బాగానే చూశాను. చొక్కా వీపున కుట్టు వదులైంది, రేపు వేస్తాను" అన్నారు. తిట్టినా ఇంత బాధపడేదాన్ని కాదు.

మర్నాడు ఉండబట్టలేక షాపుకెళ్లా. షట్టర్ సగం దించమని, "సుభానీ గారూ, ఆ సీను ఆవిడ కోసం ఇక్కడ ఒక్కసారి చెయ్యండి" అన్నా. ఆయన సిగ్గుపడుతూనే గోడ వైపు తిరిగి నిలబడ్డారు. నసీమా గారిని మిషన్ ముందు స్టూలు మీద నేనే కూర్చోబెట్టా. కూతురి డైలాగులు నేను చదివా. ఆయన తిరిగి, "అన్నం తిన్నావా?" అన్నారు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చారు. కాసేపయ్యాక కళ్లు తుడుచుకుని, "బాగా చేశారు. లైట్లలో చూద్దామనుకున్నానమ్మా, ఇంకెప్పుడు వీలవుతుందో" అన్నారు నాతో. ఆ మాట ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటోంది.

ఇంతకీ సుభానీ గారు ఆ చూపు ఎలా చూశారో మాత్రం నన్నడక్కండి. ఆ ఇరుకు షాపులో ఆవిణ్ణి స్టూలు మీద, ఆయన్ని గోడ దగ్గర సర్ది చూసుకునేసరికి, నేను నిలబడ్డానికి మిగిలిన చోటు గోడ మూల, ఆయన తిరిగాక సరిగ్గా ఆయన వీపు వెనకాల.